నెర్రెకు పూసిన లక్క

రక్తమణిపురం దూరం నుంచి చూస్తే స్వర్గం. పగడపు రాతి ప్రాకారాలు, వాటి మీద పద్మరాగాలు తాపిన బురుజులు, బురుజుల మీద బంగారు కలశాలు, కలశాల పక్కన గాలికి రెపరెపలాడే అగ్నివర్ణపు పతాకాలు. రాజవీధిలో చందనపు కళ్లాపి. ఏనుగుల కాళ్లకు వెండి అందెలు. వాకిలి వాకిలికీ మకరతోరణం, తోరణం తోరణానికీ ముత్యాల జాలరు. కొత్తగా వచ్చినవాళ్లు అబ్బో అని నోరు తెరిచేవాళ్లు. కొన్నాళ్లు ఉన్నవాళ్లు ఆ నోరు మూసుకునేవాళ్లు. ఆ పట్నంలో పొయ్యి దగ్గర ఆడవాళ్లు కూడా గుసగుసగానే మాట్లాడుకుంటారు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ పట్నానికి ఏలిక భస్మదత్తుడు. రాజుల ఇంట పుట్టినవాడు కాడు. మంత్రం నేర్చుకుని, నేర్పిన గురువును కాల్చి, పిలిచి పీట వేసిన రాజును బూడిద చేసి సింహాసనం ఎక్కిన మాంత్రికుడు. వాడి ఒంట్లో నెత్తురుకు బదులు నిప్పు పారుతుంది. పట్టుకున్న పాత్ర కాగుతుంది, అడుగు వేసిన చోట నేల మాడుతుంది. అందుకే కొలువుకూటం నడుమ చలువరాతి తొట్టి కట్టించి, మోకాలిలోతు నీళ్లలో సింహాసనం వేయించుకున్నాడు. ఆ నీళ్లు పొద్దస్తమానం సలసల కాగుతూనే ఉంటాయి.

ఆ ఆవిరిలో, తలపాగా కింద చెమటలు కక్కుతూ వాడి ఎదురుగా నిలబడ్డవాడు మాచన.

అక్కడ అతని పేరు మాచన కాదు. పగడాల దీవి నుంచి ఓడెక్కి వచ్చిన విద్రుమశిల్పి. గోరింటాకుతో ఎర్రబరిచిన గడ్డం, చెవులకు శంఖు పోగులు, భుజాన పనిముట్ల సంచి. అసలు ఊరు చేవకొండ. ఆ కొండకోటలో ఇంటింటా కత్తులకు పిడులు చేసేవాళ్లే ఉండేవాళ్లు. ఉండేవాళ్లు అనే చెప్పుకోవాలి. పోయిన ఏడు ఒక చీకటిరాత్రి ఆ కోట తలుపు తెరుచుకుంది. భస్మదత్తుడు దండుతో లోపలికి వచ్చి, నిద్రలో ఉన్నవాళ్ల మీద మంత్రజలం చల్లి, ఊరు ఊరంతటినీ చెట్లు చేశాడు. వేళ్లతో పెరికించి బళ్ల మీద తెచ్చి తన కోట వెనక నాటించుకున్నాడు. దానికి మూగవనం అని పేరు పెట్టి మురిసిపోయాడు. ఆ రాత్రి పిడికర్ర కోసం వెళ్లి అడవిలో చిక్కుకుపోబట్టి మాచన ఒక్కడూ మనిషిగా మిగిలాడు.

తలుపు తీసిందెవరో కూడా అతనికి తెలుసు. ఎదుటి కొండ మీద గొర్రెలు కాసే ముసలాయన కాగడాల వెలుగులో చూశాడు. ద్వారపాలకుడు గుండన రెండు చేతులూ గడియ మీద వేసి ఉన్నాడట. ఆ మాట విన్ననాటి నుంచి మాచన గుండెలో గుండన పేరు పుండులా సలుపుతూనే ఉంది.

మాచన ఈ సింహం నోట్లోకి ఊరికే రాలేదు. శ్వేతగిరి మునీశ్వరుడు ఒక రహస్యం చెప్పి పంపాడు. మూగవనంలోని చెట్టు చేవతో పిడి చేసిన కత్తి ఒక్కటే భస్మదత్తుడి ఒంట్లో దిగుతుంది. కత్తి గుండెకు చేరేదాకా ఆ పిడి పగలకుండా ఆగితే వాడు చస్తాడు, చెట్లన్నీ మళ్లీ మనుషులవుతాయి. చేవకు ఇనుము తగిలిన చెట్టు మాత్రం ఇక మనిషి కాదు. అంటే ఊరిని బతికించడానికి ఊరిలో ఒకరిని నరకాలి. ఎవరిని అన్నది మునీశ్వరుడు చెప్పలేదు. మునులకేం, చెప్పాల్సింది చెప్పి కళ్లు మూసుకుంటారు.

“పిడి చేస్తావా?” అన్నాడు భస్మదత్తుడు, నీళ్లలో కాళ్లు ఆడిస్తూ. “నీకంటే ముందు వచ్చినవాళ్లూ అదే అన్నారు. అదిగో, ఆ మూల ఉన్నారు. వెళ్లి పలకరించు.”

మూలలో మనుషులు లేరు. బూడిద కుప్పలున్నాయి. కుప్పకొక ఉలి గుచ్చి ఉంది.

భస్మదత్తుడు ఒడిలోంచి ఒక కత్తి అలుగు తీశాడు. దాని పేరు కాలనాగం. నింగి నుంచి రాలిన ఇనుముతో సాగగొట్టింది, నాగుపాములా మిలమిల మెరుస్తోంది. దానితో తన చేత్తో ఒక్క నరబలి ఇస్తే ఇక వాడికి చావుండదట. చిక్కల్లా పిడి దగ్గరే వచ్చింది. దంతపు పిడి పెడితే చిట్లింది. బంగారం పోస్తే కరిగింది. మద్ది, ఏగిస, చింతచేవ, అన్నీ వాడి గుప్పిట్లో బొగ్గులయ్యాయి.

“ప్రభూ, అడవిలో పుట్టిన కర్ర తమ చేతికి ఆగదు,” అన్నాడు మాచన వంగి. “మంత్రంతో పుట్టిన కర్ర కావాలి. తమ మూగవనంలో వెతుక్కోనివ్వండి.”

భస్మదత్తుడి కనుబొమ లేచింది. “అవి ఏమిటో ఎరుగుదువా?”

“చెట్లు ప్రభూ.”

“చెట్లే!” వాడు పకపక నవ్వాడు. “బాగా చెప్పావు. పో, నచ్చినదాన్ని కొట్టుకో. రేపు మధ్యాహ్నం హోమం. పిడి ఆగిందా, నీ ఎత్తు రత్నాలు. ఆగలేదా, నీ ఉలి ఎక్కడ గుచ్చాలో నువ్వే చెప్పి పో.”

మూగవనానికి దారి చూపించడానికి బొబ్బడనే కావలివాడిని తోడిచ్చారు. నోటికి తాళం లేని మనిషి. పొట్ట ముందు, తాను వెనక నడుస్తాడు.

“ఏం చెట్లో ఏమో అయ్యవారూ, ఒక్కదాని మీదా పిట్ట వాలదు,” అన్నాడు బొబ్బడు. “మాకు మాత్రం పనికొచ్చాయిలెండి. మొన్న చలికాలం కావలివాళ్లం కొన్ని కొట్టుకుని చలి కాచుకున్నాం. అబ్బ, ఏం మంటండీ! కాకపోతే కాలేటప్పుడు ఒక మాదిరిగా మూలుగుతాయి. పచ్చికర్ర కదా మరి.”

మాచన అడుగు తడబడింది. దారి పక్కన నరికిన మొదళ్లున్నాయి. వాటిలో ఒకటి మరీ సన్నగా, మణికట్టంత ఉంది. చేవకొండలో అంత వయసు పిల్లలు ఎవరెవరో అతనికి తెలుసు. బొబ్బడి మెడ మీదికి పోబోయిన చేతిని సంచిలో దూర్చి, “అవునవును, పచ్చికర్ర,” అన్నాడు.

వనం లోపలికి వెళ్లాక మాచనకు ఏడుపు రావాలి. వింతగా నవ్వు వచ్చింది. మనిషికి ఉన్నదే చెట్టుకూ వచ్చినట్టుంది. చేవకొండ పెద్ద దోనయ్య, సభలో లేచి నిలబడితే నేనే మీకు కోట, నేనే మీకు కందకం అని గుండెలు చరుచుకునేవాడు, బూరుగై నిలబడ్డాడు. ఒళ్లంతా ముళ్లు, తలంతా ఎర్రపూలు, లోపల దూది. రోజుకో యుద్ధం గెలిచానని కథలు చెప్పే పాత దళవాయి మునగచెట్టయ్యాడు. చెయ్యి వేస్తేనే కొమ్మ విరిగింది. ఇంటింటికీ తిరిగి తగవులు పెట్టే పేరమ్మ విషముష్టి. దేవుడు చెయ్యని పని మాంత్రికుడు చేశాడు. ఎవరిలో ఎంత చేవ ఉందో బయటపెట్టాడు.

చెట్టు నడుమ ముదిరిన కర్రను చేవ అంటారు. బయటి తెల్లకర్ర చూపుకు బాగుంటుంది, పురుగు పడుతుంది. కొమ్మల్లో చేవ ఉండదు, కాండంలోనే వెతకాలి. చేవకొండ వాళ్లకు అందులో ఒక కట్టడి ఉంది. పిడికి చెట్టును ఎంచేటప్పుడు కళ్లు మూసుకుని, కాండం కాండం మీదా అరచెయ్యి వేసుకుంటూ నడుస్తారు. చెయ్యి ఎక్కడ ఆగితే అదే చెట్టు. ఆగాక ఇంకోదాని వైపు చూస్తే ఆ రోజుకు గొడ్డలి కొట్టకూడదు, ఇంటికి తీసుకుపోవాలి.

మాచన కళ్లు మూసుకుని నడిచాడు.

“అయ్యవారూ, కళ్లు తెరవండి, ముళ్లున్నాయి!” అని బొబ్బడు అరిచేలోపే ముల్లు వచ్చి అతని ధోవతిని పట్టుకుంది. ఒకటి కాదు, కొక్కెంలా వంగిన ముళ్లు గుత్తిగా పట్టుకున్నాయి. మాచన చెయ్యి చాచాడు. పొరలు లేచిన గరుకు బెరడు. చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఆగిందంటే మామూలుగా ఆగలేదు, బెరడుకు అతుక్కున్నట్టు ఆగింది. గొడ్డలి మడమతో ఒక్క దెబ్బ కొట్టి చూశాడు. కంచు మోగినట్టు కంగుమంది.

చండ్ర చెట్టు. రోకళ్లు చేసే కర్ర. నిప్పయ్యాక కూడా తెల్లవార్లూ ఆరని కర్ర.

కళ్లు తెరిచాడు. పెద్ద చెట్టేం కాదు. కాండం ఎడమ పక్కకు ఒక వంపు తిరిగి ఉంది. ఆ వంపు మాచనకు తెలుసు. తల్లి పోయిన పసివాడైన తనను ఆ నడుము మీదే ఎత్తుకుని తిరిగింది నూకసాని, అన్న భార్య. అన్న యుద్ధంలో పోయాక కూడా పుట్టింటికి పోకుండా మరిదిని పెంచి పనిలో పెట్టింది. ఒక్కనాడు ముద్దుగా పిలిచి ఎరగదు. “అన్నం చల్లారాక కొంపకొస్తావా, అడవిలోనే మేసి రాకపోయావా!” అని అతని ధోవతి చెంగు పట్టుకుని ఇంట్లోకి ఈడ్చేది. ఊళ్లో ఎవరూ ఆమెను ధైర్యవంతురాలని అనలేదు. గయ్యాళి అన్నారు.

ఊళ్లో అందరికంటే గట్టి కర్ర ఇదే. వెతకాల్సిన పని లేదు.

“ఇది బావుంది కదండీ,” అన్నాడు బొబ్బడు. “మా ఇంట్లో రోకలి ఇదే. మా అమ్మమ్మ నాటిది, ఇంకా చెక్కు చెదరలేదు.”

“ముళ్ల చెట్టు. పిడికి పనికిరాదు,” అన్నాడు మాచన. అబద్ధమాడటం అంత తేలికని అతనికి అప్పటిదాకా తెలియదు. ముళ్ల నుంచి ధోవతి లాక్కున్నాడు. కొంత గుడ్డ చెట్టుకే ఉండిపోయింది.

ఇంకొంచెం ముందుకు వెళితే ఇరుగుడు చెట్టు కనిపించింది. నిటారుగా, నున్నగా, ఏపుగా ఉంది. అడుగున రెండు వేళ్లు నేల మీద తన్ని పెట్టి, కోట వాకిట్లో కాళ్లు ఎడం చేసి నిలబడ్డట్టే ఉంది. గుండన! ఇరుగుడంటే తక్కువ కర్ర కాదు. ఊదారంగు మీద నల్లని చారలతో రాజుల కత్తులకు పిడి అయ్యే కర్ర. ఎవరి వల్ల ఊరు చెట్లయిందో వాడి చేవతోనే ఊరిని విడిపిస్తే అంతకంటే న్యాయం ఏముంది? మాచన కళ్లు మూసుకోలేదు. చెయ్యి వేసి చూడనూ లేదు.

“ఇదే,” అన్నాడు.

గొడ్డలి ఎత్తాడు. నిజం చెప్పాలంటే ఒక్కొక్క దెబ్బా అతనికి తియ్యగా ఉంది. బొబ్బడు కూడా, “అయ్యవారికి ఈ చెట్టు మీద కోపమేమిటండీ?” అని వెనక్కు జరిగాడు. చెట్టు ఒరిగి నేల మీద పడేసరికి వనంలోని ఆకులన్నీ ఒక్కసారి కదిలాయి. అప్పుడు గాలి లేదు.

మర్నాడు తెల్లవారుతూనే కోటలోని కమ్మరిశాలలో పని మొదలుపెట్టాడు. బాడిసెతో తెల్లకర్ర చెక్కేశాడు. చేవ ముక్కను గుప్పిటకు సరిపడా కోసి, ఆకురాయితో రాశాడు. ఊదారంగు కర్రలో నల్లచారలు నీళ్ల మీద నీడల్లా తేలి వచ్చాయి. చూడటానికి వచ్చిన కమ్మర్లు నోరెళ్లబెట్టారు. మాచన మాత్రం పిడిని వెలుతురుకు పట్టి చూసి చల్లబడిపోయాడు.

నెర్రె.

తలవెంట్రుక మందం. కర్ర గుండె నుంచి బయటికి ఓరగా పాకి ఉంది. చెట్టుకు ఏదో పెద్ద దెబ్బ తగిలి లోపల పగిలితే తప్ప అలాంటి నెర్రె రాదు. గుండనకు ఎప్పుడు తగిలిందో ఆ దెబ్బ! మామూలు చేతికి ఆ పిడి వందేళ్లు ఆగుతుంది. నిప్పు పారే ఒంటికి ఆగదు.

అడిగితే ఇంకో చెట్టు కొట్టుకోనిచ్చేవాళ్లే. మధ్యాహ్నానికి ఇంకా పొద్దుంది. మాచన అడగలేదు. అడిగితే ఏ చెట్టు దగ్గరికి వెళ్లాల్సి వస్తుందో అతనికి బాగా తెలుసు.

సంచిలోంచి లక్క తీశాడు. ఇరుగుడు రజను అందులో కలిపి, వేడి చేసి, నెర్రెలోకి దించి, పైన అరచేత్తో మెరుగు పెట్టాడు. చేవకొండలో తిట్లన్నిటిలోకీ పెద్ద తిట్టు లక్కపూతగాడు. తల్లిని తిట్టినా ఊరుకుంటారు గాని ఆ మాటంటే కత్తులు దూస్తారు. నెర్రెను లక్కతో కప్పి అమ్మినవాడికి ఆ ఊళ్లో నీళ్లు కూడా పుట్టవు. ఇప్పుడు తిట్టడానికి ఊరు లేదు. కత్తి తోకను, అంటే పిడిలోకి దిగే ఇనుప మొనను, ఎర్రగా కాల్చి పిడిలో దించి, మొదట్లో వెండి పొన్ను తొడిగాడు. నెర్రె ఎక్కడుందో అతనికే కనిపించలేదు. ఇంత చక్కగా కప్పగలనని తెలిసి అతనికి తన మీదే రోత పుట్టింది.

మధ్యాహ్నం హోమశాలలో శంఖాలు మోగాయి. కలువరేకుల ఆకారంలో చెక్కిన గుండంలో చందనపు మంటలు నిలువెత్తున లేస్తున్నాయి. స్ఫటికపు స్తంభాల్లో ఆ మంటలన్నీ వెయ్యి మంటలై కనిపిస్తున్నాయి. నల్లపట్టు కట్టి, కపాలమాల వేసుకుని భస్మదత్తుడు మెట్లు దిగి వచ్చాడు.

“ఏదీ?” అని చెయ్యి చాచాడు.

మాచన పళ్లెంలోని కత్తిని రెండు చేతులా ఎత్తి, పిడిని వాడి వైపు తిప్పబోతున్నట్టే తిప్పి, ఒక్క గెంతులో మీదికి దూకి ఎడమ రొమ్ములో దించాడు!

దిగింది. దేవతలు ఇచ్చిన ఏ ఆయుధమూ తోలు కూడా గీరలేని ఆ ఒంట్లో కాలనాగం సగం దిగింది. మాంత్రికుడి నోట్లోంచి వచ్చిన కేకకు స్తంభాలు బీటలిచ్చాయి. ఒళ్లు కొలిమిలా రాజుకుంది. మాచన పళ్లు బిగబట్టి బలమంతా వేసి నొక్కాడు. ఇంకొక్క అంగుళం లోపలికి పోతే చాలు.

వేళ్ల సందుల్లోంచి ఏదో కారింది. కరిగిన లక్క. సలసల కాగుతూ అరచేతిని కాల్చుకుంటూ కారింది. నెర్రె నోరు తెరిచింది. పిడి రెండు బద్దలై అతని గుప్పిట్లోనే విడిపోయింది. కత్తి తోక మాంత్రికుడి రొమ్ము మీద బోడిగా, మొండిగా నిలబడింది.

భస్మదత్తుడు దాన్ని లాగబోయి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మూగవనపు చేవ పట్టిన ఇనుము వాడి చేతికి లొంగలేదు. మోకాళ్ల మీద కూలబడి, పగిలిన బద్దలను చూసి, ఎర్రగడ్డం సగం మాడిన మాచన ముఖం చూసి, అంత బాధలోనూ నవ్వాడు.

“చేవకొండ వాడివా! ఎవర్ని నరికావురా?”

“గుండనను!” మాచన అరిచాడు. “నీకు తలుపు తీసిన ద్రోహిని!”

“గుండనా?” వాడి నవ్వు పెద్దదైంది. ఆ నవ్వు మధ్యలో గొంతు మారింది. ముసలి గరుకు గొంతు పోయి పడుచు గొంతు వచ్చింది. మాచన గొంతు. అచ్చంగా మాచన గొంతు. “వదినా, తలుపు తియ్యి. పొద్దుపోయింది. చలేస్తోంది వదినా.”

గుప్పిట్లోని పిడి బద్దలను మాచన జారవిడిచాడు.

“ఆ పిలుపు విని పరుగెత్తుకొచ్చి గడియ తీసింది నీ వదిన,” అన్నాడు భస్మదత్తుడు. “గుండన వద్దమ్మా, గొంతులో ఏదో తేడా ఉందమ్మా అని మొత్తుకున్నాడు. తెరుచుకున్న తలుపును తిరిగి మూయాలని గడియ పట్టుకుని వేళ్లాడాడు. గుండెల మీద గదతో కొడితే గాని వదల్లేదు. ఆ నెర్రె అప్పటిదేరా!”

అప్పుడు మాచనకు ఏడవటానికి కూడా వ్యవధి లేదు.

“మూగవనం తగలబెట్టండి!” మాంత్రికుడు కొలువుకూటంలోని నీళ్లతొట్టి వైపు పాకుతూ కేకలు పెట్టాడు. “పొద్దు గుంకేలోపు మొద్దు మిగలకూడదు! ఆ అడవి చేవే నాకు మృత్యువని ఇప్పుడే తెలిసింది! దానితో ఇంకో పిడి ఈ తోకకు ఎక్కితే నా ప్రాణం పోతుంది. పిడి లేని కత్తి నన్నేం చేస్తుంది? వీణ్ణి పట్టుకోండి!”

ఈటెలు లేచాయి. మాచన నేతికుండను కాలితో తన్ని గుండంలోకి దొర్లించాడు. భగ్గుమని మంట కప్పు దాకా లేచింది. ఆ మంటకు అవతల భటులు, ఇవతల తాను. గవాక్షం రెక్కలు భుజంతో బద్దలుకొట్టి కందకంలోకి దూకాడు. కింద ముసళ్లు నోళ్లు తెరిచి ఉన్నాయి. ఒకటి తలపాగాను పట్టుకుంది. తలపాగా దానికే వదిలేసి ఈదాడు. ఒడ్డున పట్టపుటేనుగుకు స్నానం చేయిస్తున్నారు. తొండం పట్టుకుని, దంతం మీద కాలు పెట్టి, మావటి తేరుకునేలోపు మెడ మీద కూర్చున్నాడు. అంకుశంతో ఒక్క పోటు పొడిచాడు.

ఏనుగు ఘీంకరించి రాజవీధిలో పడింది. చందనపు కళ్లాపి బురదైంది. మకరతోరణాలు తలకు తగిలి తెగి, ముత్యాలు వడగళ్లలా రాలాయి. ఏరుకోవడానికి జనం ఎగబడ్డారు. వాళ్ల మీదుగా గుర్రాలు నడపలేక భటులు నిలిచిపోయారు. ఉత్తరపు తలుపును ఏనుగు కుంభస్థలంతో కుమ్మి పడగొట్టింది. బయటి బయలు దాటి, వనం అంచున కమ్మరిశాలకని కొట్టి పెట్టిన కట్టెలమోపు దగ్గర మాచన కిందికి దూకాడు. అక్కడ పడి ఉన్న గొడ్డలిని ఎడమ చేత్తో అందుకుని చెట్ల మధ్యకు పరుగెత్తాడు.

పొద్దు పడమటి కొండ మీదికి వాలింది. వనం అవతలి కొసన బొబ్బడి మనుషులు నూనెకుండలు దించుతున్నారు. “ముందు ఆ మునగచెట్టుకు పొయ్యండ్రా, త్వరగా అంటుకుంటుంది!” అని బొబ్బడి గొంతు వినిపిస్తోంది.

దారిలో ఇరుగుడు మొదలు అడ్డం వచ్చింది. నిన్న కొట్టిన మొదలు, ఇంకా తడిగా ఉంది. మాచన దాని ముందు ఆగాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. క్షమించడానికి అక్కడ ఎవరూ లేరు. ఈ లోకం ఉన్నంతకాలం గుండన ఇక లేడు. ఊరంతా తిరిగి లేచినా, వాళ్లింటి ముందు అతని కోసం చూసే పెళ్లాంపిల్లలకు మాచనే చెప్పాలి.

అక్కడి నుంచి చండ్ర చెట్టు దగ్గరికి నడిచాడు. చిరిగిన ధోవతి పేలిక ఇంకా ముళ్లకు వేళ్లాడుతూనే ఉంది. కాలి బొబ్బలెక్కిన కుడిచెయ్యి గొడ్డలికామను పట్టలేకపోయింది. పైపంచె చింపి, చేతిని కామకు కట్టేసుకున్నాడు. పళ్లతో ముడి బిగించాడు.

నూనె వాసన గాలిలో దగ్గరవుతోంది. నరకకపోతే కాలిపోతుంది, ఒక్కతే కాదు, ఊరంతా కాలిపోతుంది. నరికి, ఈ చేవతో పిడి చేసి వాడి రొమ్ములోని తోకకు ఎక్కించగలిగితే ఊరు బతుకుతుందేమో. ఆమె మాత్రం బతకదు. మరిది పిలిచాడనుకుని తలుపు తీసిన పాపం ఒక్కటే ఆమె చేసింది. మాచనకు ఏడుపు పొంగుకొచ్చింది. ఆపుకోలేదు.

ఎడమ అరచేతిని ఆ వంపు మీద వేశాడు.

“నేనే వదినా,” అన్నాడు. “ఈసారి నిజంగా నేనే.”

అటువైపు మొదటి మంట లేచింది. మాచన గొడ్డలి ఎత్తి చేవ దాకా దిగేలా కొట్టాడు.